ఆఫీసు వేళల్లో సూర్యోదయం

సూర్యుడు ఆఫీసు వేళలు పాటించడం లేదన్న సంగతి మొట్టమొదట పట్టుకున్నది ఆడిట్ వాళ్ళు. మనుషులు వేల ఏళ్ళుగా సూర్యోదయం చూస్తూనే ఉన్నారు గాని, ఆ కార్యక్రమం కాస్తా ఉదయం పది గంటలకు ముందే ముగిసిపోతోందని ఒక్కరంటే ఒక్కరు కూడా రాతపూర్వకంగా పైవాళ్ళ దృష్టికి తీసుకురాలేదు. జనంలో బాధ్యత ఎంత పలచబడిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా ఉత్తరకోస్తాలో నత్తలదిబ్బ అని చేపలు పట్టుకునేవాళ్ళ ఊరొకటి ఉంది. అక్కడ సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చే తీరు చాలా బాగుంటుందని ఢిల్లీలో ఒక పెద్దాయనకు ఎవరో చెప్పారు. ఆయన చూడలేదు. చూడకుండానే నమ్మగలరు కాబట్టే ఆయన పెద్దాయన అయ్యారు. వారం తిరక్కుండా నత్తలదిబ్బ సూర్యోదయాన్ని జాతీయ ఆకర్షణగా ప్రకటించి, 'జాతీయ సూర్యోదయ వీక్షణ కేంద్రం' అని బోర్డు పంపారు. బోర్డు వెనకాలే డైరెక్టరుగా అనంతపద్మనాభం గారు వచ్చారు. ఆయన వెనకాల ప్రణాళికాధికారిగా నేను వచ్చాను. నా పేరు చక్రధరం. ఏడాదికి ఎంతమంది సందర్శకులు వస్తారు, ఎన్ని టిక్కెట్లు అమ్ముతాం, అందుకు ఎంతమంది సిబ్బంది కావాలి అన్నవి తేల్చడమే నా ఉద్యోగం.

చేరిన రోజే చిక్కొచ్చిపడింది. సందర్శకుల అంచనా చూసి సిబ్బందిని మంజూరు చేస్తామన్నారు ఢిల్లీవాళ్ళు. అమ్మిన టిక్కెట్లను బట్టే అంచనా వేయాలన్నారు. సిబ్బంది మంజూరయ్యేదాకా ఒక్క టిక్కెట్టు కూడా అమ్మకూడదన్నారు. నేను ఆ కాగితాలు మూడూ పట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇది ఎక్కడ మొదలుపెట్టినా మళ్ళీ అక్కడికే వస్తోంది," అన్నాను.

"సూర్యుడికి సంబంధించిన కార్యాలయం కదండీ. తిరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఢిల్లీవాళ్ళకు ఏ అంకె ఇష్టమో ఫోన్ చేసి కనుక్కోండి. దాన్నే అంచనా అంటారు."

కనుక్కున్నాను. వాళ్ళకు రోజుకు రెండువేలమంది అంటే ఇష్టమట. ఆ అంకె రాసి పంపగానే సిబ్బంది మంజూరయ్యారు. టిక్కెట్టు ఇచ్చేవాళ్ళు, టిక్కెట్టు చింపేవాళ్ళు, సరిగ్గా చింపారా లేదా అని చూసేవాళ్ళు వచ్చారు. తూర్పు ఎటో తెలియని సందర్శకులకు తూర్పు చూపించడానికి దిశాసహాయకులు వచ్చారు. వాళ్ళకు తూర్పు చూపించడానికి ఒక శిక్షణాధికారి కూడా వచ్చాడు. ఉత్తర్వు అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. రెండువేలమంది రాకపోతే సిబ్బందిని తగ్గిస్తారు. తగ్గింపు ప్రణాళికాధికారితో మొదలవుతుంది.

అందుకే మొదటి నెల గడిచేసరికి నాకు ముచ్చెమటలు పట్టాయి. మా కేంద్రంలో వేలిముద్ర మిషను పదింటికి తెరుచుకుంటుంది. జనమేమో తెల్లవారుజామునే వచ్చేవారు. ఇసుకలో కూర్చుని, సూర్యుణ్ణి చూసుకుని, బట్టలు దులుపుకుని వెళ్ళిపోయేవారు. పదింటికి మా సిబ్బంది వచ్చి చూస్తే వేరుశనగ తొక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ నెలంతా కలిపి అమ్ముడైన ఒకే ఒక్క టిక్కెట్టు, దారి తప్పి వచ్చి మరుగుదొడ్డి ఎక్కడుందని అడిగిన లారీ డ్రైవరుకు అంటగట్టింది.

సరిగ్గా అప్పుడే ఆడిట్ అధికారి కోదండపాణి గారు ఊడిపడ్డారు. మనిషి సన్నగా ఉంటారు. ఎవరేం చెప్పినా సగం కన్ను మూసి వింటారు.

"ప్రధాన కార్యక్రమం పని వేళలకు వెలుపల, పర్యవేక్షణ లేకుండా, ఉచితంగా జరుగుతున్నట్టు గమనించడమైనది. ఇందుకు బాధ్యులెవరు?" అని అడిగారు.

"సూర్యుడండీ," అన్నారు మా డైరెక్టరుగారు.

"ఆయన మీ సిబ్బందిలో ఉన్నారా?"

"లేరండీ."

"బయటి వ్యక్తికి ప్రధాన కార్యక్రమం ఎలా అప్పగించారు? టెండరు పిలిచారా?"

డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. కిటికీలో సదరు బయటి వ్యక్తి అప్పటికే బాగా పైకి వచ్చేసి, ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాడు.

ఆడిటర్‌గారు వెళ్ళాక నేను ధైర్యం చేసి, సిబ్బందిని తెల్లవారుజామునే రమ్మందామా అన్నాను. ఆ మాట అన్నందుకు డైరెక్టరుగారు నన్ను కోప్పడలేదు. జాలిపడ్డారు.

"చక్రధరం గారూ, సిబ్బంది వేళలు మార్చాలంటే ఎన్ని శాఖల అనుమతి కావాలి?"

"చాలా కావాలండీ. ఆర్థికశాఖ ఒప్పుకోదు. ఉద్యోగ సంఘంవాళ్ళు అసలే ఒప్పుకోరు."

"సూర్యుడి వేళలు మార్చాలంటే?"

నేను నిబంధనల పుస్తకమంతా మనసులో తిరగేశాను. "ఎవరి అనుమతీ అక్కర్లేదండీ."

"మరింకేం? సులువైన పని ముందు చేద్దాం," అన్నారాయన.

ఆయన ఎందుకు డైరెక్టరో, నేను ఎందుకు కానో ఆ రోజు నాకు బోధపడింది. సముద్రానికీ ఊరికీ మధ్య, నీళ్ళ అంచునే, తీరం పొడుగునా ఆకాశాన్నంటే గోడ కట్టాలని తీర్మానించాం. గోడకు ఇవతల, దాని అడుగునే గ్యాలరీ వేస్తాం. సూర్యుడు ఎప్పుడు లేచినా, గోడ దాటి పైకొచ్చేసరికి పదిన్నర అవుతుంది. అప్పటికి సిబ్బంది వేలిముద్రలు వేసి, టీ తాగి సిద్ధంగా ఉంటారు. ఇసుకలో కూర్చుని ఊరికే చూసిపోయేవాళ్ళ బెడదా వదులుతుంది.

పునాదులు తీస్తున్నప్పుడు ఒకావిడ తలమీద బుట్టతో ఆఫీసుకొచ్చింది. పేరు సూరాడ పరదేశమ్మ. ఆ ఇసుకలో చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకునే ఆడవాళ్ళలో ఆవిడే పెద్ద. కొడుకూ కోడలూ లేరు. ఇద్దరు మనవరాళ్ళను ఆ ఎండుచేపలమీదే సాకుతోంది.

"బాబూ, ఈ గోడ ఎవుల్నడిగి కట్టేస్తన్నారు?" అంది. "పొద్దుటెండా సముద్రపుగాలీ తగలకపోతే సేపకి వాసనొచ్చేస్తాది. వాసనొచ్చిన సేప సంతలో ఎవులు కొంటారు? నానూ నా మనవరాళ్ళూ ఏటి తిని బతకాల?"

డైరెక్టరుగారు ఆవిడను కూర్చోమన్నారు. ఆ మర్యాద ఆయనకు పుట్టుకతో వచ్చింది.

"చూడమ్మా, ఎండ ఎక్కడికీ పోదు. ఎండ విడుదల వేళను మాత్రమే హేతుబద్ధీకరిస్తున్నాం. పదిన్నర మొదలుకుని సదరు ఎండ మీకు నిరాటంకంగా లభ్యమవుతుంది."

"అప్పటికి ఈ సన్న సేపలు, నెత్తళ్ళు, మెత్తబడిపోతాయి బాబూ!"

"నెత్తళ్ళ అంశాన్ని సానుకూలంగా పరిశీలిస్తాం," అని ఆయన నన్ను రాసుకోమన్నారు. రాసుకున్నాను.

ప్రారంభోత్సవానికి ఢిల్లీ పెద్దాయనే స్వయంగా వచ్చారు. మొదటి వరసలో కూర్చుని మెడ వెనక్కి విరిచి గోడ అంచుకేసి చూశారు. సరిగ్గా పదిన్నరకు సైరన్ మోగింది. దిశాసహాయకులందరూ ఒక్కసారిగా తూర్పు చూపించారు. గోడమీద సూర్యుడు తొంగిచూడగానే బ్యాండు మేళం అందుకుంది.

"ఎంత క్రమశిక్షణ! మా ఊళ్ళో సూర్యుడు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేస్తాడు," అని పెద్దాయన కళ్ళొత్తుకున్నారు.

వెనక వరసలో ఎవరో సముద్రం కనబడటం లేదేమిటని గొణిగారు. టిక్కెట్టు సూర్యోదయానికి మాత్రమేనని వెనక అచ్చువేసే ఉంది. పెద్దాయనకు మెడ పట్టేసి మూడురోజులు తిరగలేదు. దాంతో మెడలు సవరించేవాళ్ళ పోస్టులు కూడా మంజూరయ్యాయి.

అంతటితో పని అయిపోయిందనుకున్నాను. కోదండపాణి గారు మళ్ళీ వచ్చారు. "సూర్యోదయం అనంతరం సూర్యుడు రోజంతా యథేచ్ఛగా కనబడుతున్నాడు. మధ్యాహ్నం సిబ్బంది భోజనానికి వెళ్ళినప్పుడు కూడా కనబడుతున్నాడు. గ్యాలరీ పక్కన చేపలు ఎండబెట్టే స్థలంలో టిక్కెట్టు లేని ప్రజలు అదే సూర్యుణ్ణి వాడుకుంటున్నారు. ప్రభుత్వానికి వాటిల్లుతున్న నష్టం అపారం," అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. టిక్కెట్టు కొన్నవాడికి ఏ సూర్యుడో, కొననివాడికీ అదే సూర్యుడైతే ఇక టిక్కెట్టుకు విలువేముంటుంది? చేపలు ఎండబెట్టే ఇసుకంతా పైన నీలిరంగు పరదాలు కట్టించి మూసేశాం. గ్యాలరీకి మాత్రం లాగితే వచ్చే పరదా పెట్టాం. భోజన విరామంలో మూస్తాం. సాయంత్రం ఐదింటికి మూస్తాం. ఆదివారాలు, రెండో శనివారాలు, ఐచ్ఛిక సెలవు దినాలు అసలు తియ్యం. చూస్తూ ఉండగానే నత్తలదిబ్బలో సూర్యుడు ప్రభుత్వ సెలవులన్నీ వాడుకోవడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం సాయంత్రం పరదేశమ్మ గేటు దగ్గర ఎదురైంది. గ్యాలరీ పరదా తీసినప్పుడు గేటు పక్కకు జారే కాస్త ఎండలోనే చేపలు ఆరబెట్టుకుంటోంది. మనిషి చిక్కిపోయింది.

"బాబూ, రేపు పొద్దు పొడుస్తాదా?" అని అడిగింది.

"రేపు రెండో శనివారం కదమ్మా."

"ఎల్లుండో?"

నేనేమీ అనకముందే ఆవిడే లెక్క చూసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. పాపం, సెలవుల సంగతి తొందరగానే నేర్చుకుంది.

సందర్శకులు మాత్రం రానురాను తగ్గిపోయారు. డబ్బిచ్చి మెడ విరుచుకుని గోడ చూడటానికి మన జనంలో ఇంకా అంత నాగరికత పెరగలేదు. పెళ్ళిబృందం ఒకటి వచ్చి, గోడ చూసి, డ్రైవరును తిట్టి వెళ్ళిపోయింది. ఢిల్లీనుంచి కాగితం వచ్చింది. పైవారం నుంచి రోజుకు రెండువేలమంది లేకపోతే తగ్గింపు మొదలవుతుందట. ఎవరితో మొదలవుతుందో నాకు గుర్తుచేయనక్కర్లేదు. అన్నం సయించడం మానేసింది. మా ఆవిడకు చెప్పలేదు.

అలా దిగాలుగా టిక్కెట్ల కిటికీ వెనక నిలబడి ఉన్నప్పుడు, తడిచేపల బుట్టలతో ఆడవాళ్ళు వరసగా వస్తూ కనబడ్డారు. ముందు పరదేశమ్మ ఉంది.

"ఎండంతా తవరి దగ్గరే ఉందంట కదా," అంది కిటికీలోకి వంగి. "నా సేపలకి టిక్కెట్టు ఇచ్చీండి బాబూ. ఏటి సేస్తాం, కొనుక్కుంటాం."

పరుగున డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. ఆయన విన్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ ముఖంలో ఏదో కాంతి ఉంది.

"టిక్కెట్టు పొంది, కేటాయించిన స్థానంలో నిశ్శబ్దంగా ఉండి, సూర్యరశ్మిని స్వీకరించువారెవరైనా సందర్శకులే," అన్నారు.

"కాని సార్, అవి చచ్చిపోయాయి కదండీ."

"సందర్శకుడు బతికి ఉండాలని నిబంధనల్లో ఎక్కడుందో చూపించండి."

వెతికాను. ఎక్కడా లేదు.

నెత్తళ్ళకు పిల్లల టిక్కెట్టు, వాటికన్నా పెద్ద చేపలైన కవళ్ళకు పెద్దల టిక్కెట్టు అన్నాం. బుట్టతో వచ్చిన వాటికి విహారయాత్ర రాయితీ ఇచ్చాం. ఆడవాళ్ళు లోపలికొచ్చి సీట్లనిండా చేపలు పరిచి బయటికి వెళ్ళారు. ఆ రోజు పదిన్నర సైరన్‌కు గ్యాలరీ కిటకిటలాడిపోయింది. గంట తిరక్కుండా 'హౌస్ ఫుల్' బోర్డు పెట్టాం. ఆ బోర్డు కొన్న తరవాత వాడటం అదే మొదలు. నేను దాన్ని రెండుసార్లు చేత్తో తడిమి చూసుకున్నాను.

ఢిల్లీవాళ్ళ ఆనందానికి హద్దుల్లేవు. ఇంత పద్ధతిగా కూర్చునే సందర్శకులు దేశంలో మరే ఆకర్షణకూ లేరని, ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉండటం మాకే సాధ్యమైందని ప్రశంసాపత్రం పంపారు. సందర్శకులు పెరిగారు కాబట్టి సిబ్బందీ పెరిగారు. సూర్యోదయ ప్రాశస్త్యం వివరించే ఉపన్యాసకుడు మైకు పట్టుకుని కవళ్ళకు చక్కటి గ్రాంథికంలో రోజూ ప్రసంగించేవాడు. టిక్కెట్టు లేకుండా లోపలికొచ్చి తోటి సందర్శకులను ఎత్తుకుపోతున్న కాకులమీద నిఘాకు ప్రత్యేక దళం వచ్చింది.

ఒక్క ఇబ్బంది వచ్చింది. చేపను ఒకవైపు ఎండాక తిరగెయ్యాలట. అన్నాళ్ళూ ఆడవాళ్ళను చూసీచూడనట్టు లోపలికి వదిలిన గేటువాళ్ళు, కొత్త సిబ్బంది వచ్చాక ఆపేశారు. ఒక మధ్యాహ్నం పరదేశమ్మ గేటు దగ్గరికొచ్చి లోపలికి పంపమంది.

"హౌస్ ఫుల్ అమ్మా. ఒక్క సీటు కూడా లేదు," అన్నాను.

"లోపలున్నయ్యి నా సేపలే బాబూ!"

"అదే నేనూ చెబుతున్నాను. సీట్లన్నీ మీవాళ్ళే తీసుకున్నారు."

"తిరగెయ్యకపోతే అడుగునుంచి పాడైపోతాయి. ఒక్కపాలి ఒగ్గీండి బాబూ, తిరగేసి ఒచ్చేస్తాను. మీ కాళ్ళట్టుకుంటాను."

ఆవిడ నిజంగానే వంగింది. నాకు మనసు కలుక్కుమంది. గబగబా వెళ్ళి డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన అప్పటికప్పుడు 'సందర్శక పార్శ్వ పరివర్తన సహాయకులు' అనే కొత్త పోస్టులకు ప్రతిపాదన రాయించారు. విద్యార్హత డిగ్రీ. వయోపరిమితి ముప్ఫై. రాతపరీక్ష పై ఏడాది. ఇంత త్వరగా స్పందించిన కార్యాలయాన్ని నేను చూడలేదు. ఆ మాటే గేటు దగ్గరికొచ్చి పరదేశమ్మకు సంతోషంగా చెప్పాను. ఆ సాయంత్రం ఐదింటికి పరదా మూసేముందు ఆడవాళ్ళు వచ్చి, పైన ఎండి కింద కుళ్ళిన చేపల్ని గంపలకెత్తుకుని వెళ్ళి సముద్రంలో పారబోశారు. ఆ వాసనకు మా ఉపన్యాసకుడు సెలవు పెట్టాడు.

మర్నాడు ఒక్క చేప కూడా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఊళ్ళో వాకబు చేస్తే, ఆడవాళ్ళంతా ఊరి చివర కొండ అవతల చిన్న ఇసుకమేటకు వెళ్ళిపోయారని తెలిసింది. వాళ్ళు సంతకు బయల్దేరకముందే పట్టుకుని, ఎలాగైనా బతిమాలి వెనక్కి తీసుకురావాలని, చీకటితోనే స్కూటరేసుకుని బయల్దేరాను. కొండవార స్కూటరాపి, రాళ్ళమీద పడుతూ లేస్తూ అవతలికి దిగాను.

దిగేసరికి ఎదురుగా సముద్రం ఉంది. ఆకాశం అంచున ఎర్రటి చార ఉంది. ఏమిటా అని నేను చూస్తుండగానే నీళ్ళు బంగారమైపోయాయి. ఆ నీళ్ళలోంచి, ఏ సైరనూ లేకుండా, ఎవరూ చెయ్యెత్తి చూపించకుండా, ఆయన పైకొచ్చాడు. ఇసుకలో పరిచిన నెత్తళ్ళు ఒక్కసారిగా తళతళలాడాయి. పరదేశమ్మ మనవరాళ్ళిద్దరూ వాటిమధ్య పరిగెడుతూ కాకుల్ని తోలుతున్నారు. యాభై దాటాయి నాకు. సూర్యోదయం శాఖలో అధికారిని. సూర్యోదయం చూడటం అదే మొదటిసారి. సిగ్గెందుకు, కళ్ళంట బొటబొటా నీళ్ళు కారాయి.

పరదేశమ్మ నన్ను చూసి బెదిరిపోయింది. నా కన్నీళ్ళు చూశాక కాస్త తేరుకుని, గిన్నెలోంచి వేడి గంజి గ్లాసులో పోసి ఇచ్చింది.

"ఇక్కడ ఎండ బాగుంది బాబూ," అంది మెల్లిగా. "పిల్లలు నాలుగు మెతుకులు తింతన్నారు. మావిక్కడున్నామని ఎవులికీ సెప్పకండి. దండమెడతాను."

సరేనని తల ఊపాను.

కాని ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చున్నాక నా మనస్సాక్షి ఊరుకోలేదు. అంత అందం అక్కడ దిక్కులేకుండా పడి ఉంది. చూసుకోవడానికి ఒక్క ఉద్యోగి కూడా లేడు. టిక్కెట్టు కిటికీ లేదు, బోర్డు లేదు, కనీసం తూర్పు చూపించేవాడైనా లేడు. చూసి కూడా పట్టనట్టు ఊరుకుంటే నాకూ, వేరుశనగ తొక్కలు పారేసి వెళ్ళిపోయేవాళ్ళకూ తేడా ఏముంది? ఆ రోజు నేను రాసిన నివేదిక నా ఉద్యోగంలో నేను మనసుపెట్టి రాసిన ఒకే ఒక్క నివేదిక. చదివి డైరెక్టరుగారే చలించిపోయారు. ఢిల్లీవాళ్ళు వెంటనే కొండ అవతల శాఖా కార్యాలయం మంజూరు చేసి, దానికి నన్నే ఇన్‌ఛార్జిగా వేశారు.

గోడకు కొలతలు తీసేవాళ్ళను వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. వాళ్ళు మేకులు దిగ్గొట్టి తాడు లాగుతుంటే ఆడవాళ్ళు గొడవ చెయ్యలేదు. చేపలు గంపలకెత్తుకోవడం మొదలుపెట్టారు. పరదేశమ్మ మాత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎండంటే నీకేటి బాబూ అంత కోపం?" అని అడిగింది.

"కోపం కాదమ్మా," అన్నాను. నిజమే చెప్పాను. "ఇష్టం. మా ఆఫీసువాళ్ళందరికీ ఇష్టమే."

ఆవిడ మనవరాళ్ళిద్దరినీ చెరో చేత్తో దగ్గరికి లాక్కుంది.

"అయితే మీ ఆఫీసోళ్ళకి ఇష్టం లేని సోటు ఏదైనా ఉంటే సెప్పు బాబూ. అక్కడికెల్లి బతుకుతాం."

జేబులోంచి కలం తీశాను గాని, అలాంటి చోటొకటి కూడా నాకు గుర్తుకు రాలేదు.